చేతిమైకు లాప్‌టాప్‌కు పెడితే గొంతు పక్కగదిలోంచి వస్తున్నట్టుంది, లోపం ఎక్కడ?

గోదారి_గొంతు
మా నాన్నగారు తెలుగు పండితులుగా పనిచేసి రిటైరయ్యారు. పద్యాన్ని రాగంతో చదివి, ప్రతిపదార్థం చెప్పి, తాత్పర్యంతో ముగించే ఆయన పాఠం మా తరువాతి పిల్లలకు కూడా అందాలని ఇంట్లోనే రికార్డు చేయడం మొదలుపెట్టాం. రాజమండ్రిలో సౌండ్ సామాన్లు అమ్మే దుకాణంలో సభల్లో, పెళ్లిళ్లలో వాడే చేతిమైకు ఒకటి తీసుకున్నాం. మైకు అడుగున మూడు పిన్నులున్నాయి. దానితో ఇచ్చిన వైరుకు రెండో కొసన లావుపాటి ప్లగ్గు ఉంది. ఆ ప్లగ్గుకు చిన్న అడాప్టర్ తగిలించి లాప్‌టాప్ పక్కనున్న ఇయర్‌ఫోన్ రంధ్రంలో పెట్టాం. విండోస్ సెట్టింగుల్లో మైకు స్థాయిని నూటికి నూరు పెట్టినా ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేరులో గీత కొద్దిగానే కదులుతోంది, మాట వెనుక గది మొత్తం వినిపిస్తోంది. మిక్సర్ కొనమని దుకాణదారు చెబుతున్నారు, కండెన్సర్ మైకు కొనమని మా బావమరిది చెబుతున్నాడు. డబ్బు పెట్టే ముందు అసలు లోపం మైకులో ఉందా, వైరులో ఉందా, లాప్‌టాప్‌లో ఉందా అన్నది తెలుసుకోవాలి.

శబ్దపేటిక
లాప్‌టాప్‌కు మైకుకు వేరుగా, ఇయర్‌ఫోన్‌కు వేరుగా రెండు రంధ్రాలున్నాయా, లేక రెంటికీ కలిపి ఒకటేనా? మీ అడాప్టర్ కొస మీద ఎన్ని నల్లని వలయాలున్నాయో కూడా చూసి చెప్పండి.

గోదారి_గొంతు
రంధ్రం ఒకటే. దాని పక్కన మైకు ఉన్న హెడ్‌సెట్ బొమ్మ ఉంది. అడాప్టర్ కొస మీద నల్లని వలయం ఒకటే కనిపిస్తోంది.

టంకం_చేయి
అయితే మీ మైకు ఇంకా కంప్యూటర్‌కు కలవనే లేదని నా అనుమానం. రెంటికీ కలిపి ఒకే రంధ్రం ఉన్న లాప్‌టాప్‌లు నాలుగు భాగాల ప్లగ్గును ఆశిస్తాయి. ఇప్పుడు వాడుకలో ఉన్న పద్ధతిలో కొస ఎడమ చెవికి, దాని తరువాతి వలయం కుడి చెవికి, మూడోది భూమికి (గ్రౌండ్‌కు), వైరు పక్కనున్న నాలుగో భాగం మైకుకు వెళ్తాయి. ఒకే నల్ల వలయం ఉన్న ప్లగ్గులో రెండు భాగాలే ఉంటాయి కాబట్టి మీ మైకు సంకేతం కొస ద్వారా ఎడమ చెవి తీగ మీదికి వెళ్తోంది, మైకు కోసం ఉన్న చోటు భూమితో కలిసిపోతోంది. అలాంటప్పుడు లాప్‌టాప్ దాన్ని హెడ్‌ఫోన్‌గా లెక్కేసుకుని తెర పైభాగంలో ఉన్న తన సొంత మైకుతోనే రికార్డు చేస్తూ ఉంటుంది.

దీన్ని తేల్చుకోవడం తేలిక. ఆడాసిటీలో రికార్డింగ్ నడుస్తుండగా చేతిమైకు జాలీ మీద గోటితో మెల్లగా గీకండి. తరువాత లాప్‌టాప్ తెర పైఅంచు మీద గీకండి. గీత దేనికి ఎగిరితే శబ్దం అక్కడి నుంచి వస్తున్నట్టు.

వాణి_వరంగల్
టంకం_చేయి గారు చెప్పిన పరీక్ష ప్రతి ఒక్కరూ మొదట చేయవలసినది. మా కాలనీలో భజన మండలి వారు కొత్త మైకు బాగాలేదని తిరిగి ఇచ్చేయబోతుంటే నేను ఇదే పరీక్ష చేయించాను.

గోదారి_గొంతు
చేతిమైకు మీద ఎంత గీకినా గీత కదలలేదు, తెర అంచు మీద గీకితే పైదాకా ఎగిరింది. ఇక్కడి మొబైల్ షాపులో ఒక వైపు నాలుగు భాగాల ప్లగ్గు, రెండో వైపు మైకుకు ఒకటి, ఇయర్‌ఫోన్‌కు ఒకటి రంధ్రాలున్న చిన్న వై ఆకారపు వైరు దొరికింది. దాని మైకు వైపు పెట్టాక చేతిమైకు పలికింది. అయితే మాట చాలా సన్నగా ఉంది. విండోస్‌లో మైకు శబ్దాన్ని పెంచే బూస్ట్‌ను 30 డెసిబెళ్ల దాకా పెంచితే మాటతో పాటు 'స్‌స్‌' అనే శబ్దం, దాని కింద 'జుమ్' అనే మోత పెరుగుతున్నాయి. చార్జర్ తీసేస్తే జుమ్మనే మోత చాలావరకు తగ్గింది, 'స్‌స్‌' శబ్దం మాత్రం అలాగే ఉంది.

శబ్దపేటిక
ఇప్పుడు అసలు విషయానికి వచ్చాం. మీది డైనమిక్ మైకు. అయస్కాంతం మధ్య తీగచుట్ట కదలడం వల్ల దానిలో విద్యుత్తు పుడుతుంది కాబట్టి బయటినుంచి కరెంటు అక్కరలేదు, కానీ పుట్టేది చాలా కొంచెం. 1966 నుంచి వేదికల మీద ఉన్న షూర్ ఎస్‌ఎం58 ను ఉదాహరణగా తీసుకుంటే, 94 డెసిబెళ్ల శబ్దానికి అది ఇచ్చేది 1.85 మిల్లీవోల్టులు. మనిషి మామూలుగా మాట్లాడే మాట మైకు దగ్గర 80 డెసిబెళ్లు ఉంటుందనుకుంటే వచ్చేది 0.37 మిల్లీవోల్టు. ఇంట్లో వాడే ఆడియో పరికరాల లైన్ స్థాయి (ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లే సంకేతపు స్థాయి) సుమారు 0.316 వోల్టు. అంటే మీ నాన్నగారి గొంతును దాదాపు 850 రెట్లు పెంచాలి, డెసిబెళ్లలో చెప్పాలంటే 58 కి పైన.

లాప్‌టాప్ రంధ్రం ఈ పనికోసం చేసినది కాదు. అది ఇయర్‌ఫోన్ తీగ మీదుండే చిన్న ఎలెక్ట్రెట్ మైకు కోసం చేసినది. ఆ మైకుకు కావలసిన కొద్ది వోల్టులు కూడా ఆ రంధ్రమే ఇస్తుంది. ఆ మైకు డైనమిక్ మైకు కంటే చాలా గట్టిగా పలుకుతుంది కనుక 20, 30 డెసిబెళ్ల బూస్ట్ దానికి సరిపోతుంది. మీ మైకుకు దాని రెండింతలు కావాలి, అదీ శుభ్రంగా కావాలి. బావిలో నీళ్లున్నాయి, మీ దగ్గర లేనిది చేద. ఆ చేద పేరు ప్రీయాంప్, అది మైకును కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టెలో ఉంటుంది. మైకు మార్చవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.

వాణి_వరంగల్
శబ్దపేటిక గారి లెక్క సరైనదే, కానీ ముగింపుతో నేను ఏకీభవించను. ఒక్క మనిషి, ఒక్క గొంతు, కూర్చుని చదివే పద్యాలు. దీనికి యూఎస్‌బీ మైకు ఒకటి చాలు. ప్రీయాంపు, శబ్దాన్ని అంకెలుగా మార్చే భాగం రెండూ మైకులోనే ఉంటాయి. ఒక్క వైరు కంప్యూటర్‌కు పెడితే పని అయిపోతుంది. నేను పిల్లల కథలు రికార్డు చేసేది అలాంటిదానితోనే. ఇంటర్‌ఫేస్, మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ వైరు, స్టాండు అంటూ పెద్దవారి చుట్టూ పరికరాలు పేర్చితే చదివే మనిషి దృష్టి వాటి మీదికి పోతుంది.

శబ్దపేటిక
ఆయన దగ్గర మైకు లేకపోతే నేనూ అదే చెప్పేదాన్ని. మైకు ఇప్పటికే ఉంది. పైగా రేపు పద్యానికి తంబూరా శ్రుతి గాని, ఎదురుగా కూర్చుని అడిగే మనవరాలి గొంతు గాని చేర్చాలనుకుంటే ఒకే కంప్యూటర్‌కు రెండు యూఎస్‌బీ మైకులు పెట్టి రెంటినీ కాలంలో కలిపి ఉంచడం కష్టం, ఎందుకంటే ఒక్కో దాని గడియారం ఒక్కోలా నడుస్తుంది. రెండు మైకుల ఇంటర్‌ఫేస్‌లో ఆ చిక్కు లేదు.

డాలస్_కథలు
మధ్యే మార్గం కూడా ఉంది. శాంసన్ క్యూ2యూ వంటి డైనమిక్ మైకులకు అడుగున యూఎస్‌బీ, ఎక్స్‌ఎల్‌ఆర్ రెండూ ఉంటాయి. మొదట నేరుగా కంప్యూటర్‌కు పెట్టుకుని, తరువాత ఎప్పుడైనా ఇంటర్‌ఫేస్‌కు మార్చుకోవచ్చు. ఇప్పుడే కొనేవారు ఇది ఆలోచించాలి. మైకు ఉన్నవారికి మాత్రం శబ్దపేటిక గారి దారే సరి.

పద్యప్రియ
ఆ బావమరిది గారి మాట ఎవరూ పట్టించుకోలేదు. కండెన్సర్ అయితే గొంతు ఇంకా స్పష్టంగా ఉంటుంది కదా? పాటలు పాడేవారంతా అవే వాడుతున్నారు.

శబ్దపేటిక
కండెన్సర్ ఎక్కువ గట్టిగా పలుకుతుంది, పై స్థాయిల్లో వివరం ఎక్కువ ఇస్తుంది. ఆడియో-టెక్నికా ఏటీ2020 అదే 94 డెసిబెళ్ల శబ్దానికి సుమారు 14 మిల్లీవోల్టులిస్తుంది, అంటే ఎస్‌ఎం58 కంటే దాదాపు 17, 18 డెసిబెళ్లు ఎక్కువ. అయితే అలాంటి ఎక్స్‌ఎల్‌ఆర్ కండెన్సర్లకు 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మైకు వైరు గుండానే వచ్చే కరెంటు, కావాలి. లాప్‌టాప్ రంధ్రం ఇచ్చే కొద్ది వోల్టులు దానికి చాలవు. కాబట్టి కండెన్సర్ కొన్నా ఇంటర్‌ఫేస్ తప్పదు. ముందు ఇంటర్‌ఫేస్ కొని, అప్పటికీ తృప్తి లేకపోతే మైకు సంగతి చూడడం న్యాయం.

విజిల్_వినని_గది
కండెన్సర్ వీధంతా వింటుంది, డైనమిక్ మైకు చుట్టూ ఉన్న చప్పుడును పట్టుకోదు. మా ఇల్లు రోడ్డు మీద ఉంది, అందుకే నేను డైనమిక్ వైపు మొగ్గాను.

టంకం_చేయి
ఈ మాట అన్నిచోట్లా వినిపిస్తుంది, కానీ కారణం వేరు. రెండూ హృదయాకార దిశాగుణం ఉన్న (ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే) మైకులే అయి, నోటికి ఒకే దూరంలో ఉండి, గొంతు ఒకే స్థాయికి వచ్చేలా గెయిన్ (సంకేతాన్ని పెంచే మోతాదు) సరిచేస్తే వీధి చప్పుడు రెంటిలోనూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. తేడా తెచ్చేది వాడే తీరు. చేతిమైకును నోటి దగ్గర పెట్టుకుంటాం, కండెన్సర్‌ను స్టాండు మీద దూరంగా నిలబెడతాం. దూరం సగమైతే గొంతు 6 డెసిబెళ్లు పెరుగుతుంది, గదిలోని చప్పుడు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మైకును 20 సెంటీమీటర్ల నుంచి 10 కి తెస్తే ఎంత మేలో దీన్నిబట్టి ఊహించండి.

విజిల్_వినని_గది
ఈ వివరణ బాగుంది. మా ఇంట్లో కుక్కర్ మూడో విజిల్ అయ్యాకే రికార్డింగ్ మొదలవుతుంది. 10 సెంటీమీటర్లకు వచ్చినా ఆ నియమం మాత్రం మార్చను.

గోదారి_గొంతు
ఇంటర్‌ఫేస్ తీసుకోవాలని నిర్ణయించుకున్నాం. నా దగ్గరున్న వైరునే దాని లావు రంధ్రంలో పెట్టవచ్చా, వేరే వైరు కావాలా?

డాలస్_కథలు
వేరే వైరు తీసుకోండి, ఇది ముఖ్యం. ఇంటర్‌ఫేస్ ముందు భాగంలో మధ్యలో లావు రంధ్రం, చుట్టూ మూడు చిన్న రంధ్రాలు ఉన్న కాంబో జాక్ ఉంటుంది. చూడడానికి రెండూ ఒకే చోటులా కనిపిస్తాయి గాని లోపల దారులు వేరు. మూడు పిన్నుల ప్లగ్గు పెడితే సంకేతం మైకు ప్రీయాంప్‌కు వెళ్తుంది. లావు ప్లగ్గు పెడితే చాలా ఇంటర్‌ఫేస్‌లలో అది గిటారు లేదా కీబోర్డు కోసం ఉన్న లైన్ దారిలోకి పోతుంది, అక్కడ గెయిన్ తక్కువ. డబ్బు పెట్టి కొన్నా గొంతు సన్నగానే ఉందని చాలామంది బాధపడేది ఈ వైరు వల్లనే. రెండు కొసలా ఎక్స్‌ఎల్‌ఆర్ ఉన్న వైరు అడిగి తీసుకోండి.

టంకం_చేయి
దీనివల్ల ఇంకో లాభం ఉంది. మూడు పిన్నుల వైరులో ఒకటో పిన్ను భూమి, రెండోది నిటారు సంకేతం, మూడోది దాని తలకిందుల సంకేతం. దారిలో ఫాన్ రెగ్యులేటరు నుంచో, చార్జరు నుంచో దూరిన మోత రెండు తీగల మీదా ఒకేలా పడుతుంది. ఇంటర్‌ఫేస్ ఆ రెంటి మధ్య తేడాను మాత్రమే తీసుకుంటుంది కనుక ఆ మోత రద్దయిపోతుంది. మీ పాత వైరులో మూడో పిన్నును భూమికి కలిపేసి ఉంటారు, అందుకే ఈ రక్షణ పోయింది.

జుమ్మనే మోత చార్జర్ తీస్తే తగ్గిందన్నారు కాబట్టి ఇంట్లో ఎర్తింగ్ కూడా చూపించండి. మన కరెంటు 50 హెర్ట్జ్. దాని గుణిజాలు 100, 150 దగ్గర వినిపించే మోత మగగొంతు అడుగుభాగానికి సరిగ్గా అడ్డం వస్తుంది. పాత ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్ ఉన్నా పై రంధ్రానికి తీగ వేసి ఉండకపోవచ్చు. ఎలక్ట్రీషియన్ చేత చూపించాలే తప్ప చార్జర్ ప్లగ్గుకున్న ఎర్త్ పిన్నును మాత్రం ఎప్పుడూ తీసేయవద్దు.

వాణి_వరంగల్
ఇన్వర్టర్ గురించి కూడా చెప్పాలి. కరెంటు పోయినప్పుడు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద రికార్డు చేస్తే ఫాన్లు మూలిగినట్టే రికార్డింగూ బరబరమంటుంది. అప్పుడు లాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడపడమే మంచిది.

పద్యప్రియ
ఫాంటమ్ పవర్ మీట పొరపాటున నొక్కితే డైనమిక్ మైకు కాలిపోతుందని మా ఊరి సౌండ్ అబ్బాయి భయపెట్టాడు. నిజమేనా?

శబ్దపేటిక
సరైన ఎక్స్‌ఎల్‌ఆర్ వైరుతో అయితే భయం లేదు. 48 వోల్టులు రెండో పిన్ను మీద, మూడో పిన్ను మీద సమానంగా, చెరొక 6.8 కిలోఓమ్‌ల నిరోధకం గుండా వస్తాయి. తీగచుట్టకు రెండు కొసలా ఒకే వోల్టేజి ఉంటే దానిలో కరెంటు పారదు. తీగచుట్టకు బదులు పలుచని లోహపు రేకు ఉండే రిబ్బన్ మైకుల విషయంలో, తీగలు తప్పుగా కలిపిన వైరుల విషయంలో జాగ్రత్త అవసరం. డైనమిక్ మైకు వాడేటప్పుడు ఆ మీట ఆపి ఉంచడమే పద్ధతి.

గోదారి_గొంతు
ఇంటర్‌ఫేస్, వైరు వచ్చాయి. కలిపిన వెంటనే మాట పెద్దగా, శుభ్రంగా పలికింది. 'స్‌స్‌' శబ్దం చెవి పెట్టి వెతికితే గాని తెలియడం లేదు. అయితే హెడ్‌ఫోన్‌లో నాన్నగారి గొంతు ఎడమ చెవిలోనే వస్తోంది, కుడి వైపు నిశ్శబ్దం. గెయిన్ నాబ్ ఎంతవరకు తిప్పాలో కూడా చెప్పండి.

డాలస్_కథలు
ఎడమ చెవి సంగతి సులువు. ఇంటర్‌ఫేస్‌లో ఒకటో మైకు ఎడమకు, రెండో మైకు కుడికి వెళ్తాయి. ఆడాసిటీలో రికార్డింగ్ ఛానళ్లను రెండు నుంచి ఒకటికి మార్చండి. మోనో ట్రాక్ రెండు చెవుల్లోనూ సమానంగా వినిపిస్తుంది. అదే చోట ఇన్‌పుట్‌గా మీ ఇంటర్‌ఫేస్ పేరే ఉందో లేదో చూడండి, విండోస్ కొన్నిసార్లు మళ్లీ తెర మైకుకు మారిపోతుంది. విండోస్‌లోనూ ఆడాసిటీలోనూ శాంపుల్ రేటు, అంటే సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తారన్నది, ఒకటే ఉండాలి, 44,100 గాని 48,000 గాని.

గెయిన్‌కు మీ నాన్నగారి చేత పద్యంలో గొంతు బాగా లేచే పాదాన్ని చదివించండి. మామూలు మాట కాదు, అత్యంత గట్టి చోటు. అక్కడ మీటరు మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెళ్ల మధ్య ఆగేటట్టు నాబ్ పెట్టి ఇక కదపకండి. సున్నాను తాకితే గొంతు చిట్లుతుంది, తరువాత ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని పూర్తిగా బాగుచేయలేదు. 24 బిట్లలో రికార్డు చేస్తే కాస్త తక్కువ స్థాయిలో ఉన్నా ఇబ్బంది లేదు.

ఇక్కడ ఆడియో పుస్తకాలు అమ్మే ఏసీఎక్స్ వేదిక పెట్టిన కొలతలు గమ్యంగా పెట్టుకోవచ్చు. సగటు స్థాయి మైనస్ 23 నుంచి మైనస్ 18 లోపు, శిఖరం మైనస్ 3 దాటకూడదు, ఎవరూ మాట్లాడనప్పుడు గది చప్పుడు మైనస్ 60 కంటే తక్కువ. మూడోదే కష్టమైనది, ఎందుకంటే దాన్ని కొనలేం, గదిలోనే సాధించాలి.

వాణి_వరంగల్
గది విషయం నాకు ప్రాణం. సీలింగ్ ఫాన్ తప్పకుండా ఆపాలి, ఫ్రిజ్ ఉన్న గదికి దూరంగా కూర్చోవాలి. ఖాళీ గోడలు, గచ్చు నేల ఉన్న గదిలో ప్రతి మాటా తిరిగి మైకులోకి వస్తుంది. పరుపు, బొంతలు, బట్టలు నిండిన తెరిచిన బీరువా ఉన్న పడకగది అన్నిటికంటే మేలు. చదివేవారి ముఖం బీరువా వైపు ఉంచకండి, బీరువా వారి వీపు వెనుక ఉండాలి. మైకు ముందుభాగం ఎటు చూస్తోందో, శబ్దాన్ని మింగే గుడ్డ ఆ వైపు ఉండాలి.

పద్యప్రియ
భ, ఫ, ధ వంటి ఒత్తక్షరాలు వచ్చినప్పుడల్లా 'ఢబ్' మంటోంది, అది నా దగ్గర ఎప్పుడూ ఉన్న బాధ. పద్యాల్లో అవి అడుగడుగునా వస్తాయి.

వాణి_వరంగల్
నోటి గాలి నేరుగా జాలీని తాకడం వల్ల వచ్చేది అది. మైకును నోటికి ఎదురుగా కాకుండా బుగ్గ పక్కకు జరిపి, కొస మాత్రం నోటి వైపు తిప్పి ఉంచండి. గాలి పక్కనుంచి పోతుంది, శబ్దం మైకుకు అందుతుంది. పాప్ ఫిల్టర్ గాని, నురుగు తొడుగు గాని వేస్తే ఇంకా మంచిది. చదివేవారికి ఒత్తులు తగ్గించి పలకమని మాత్రం ఎవరూ చెప్పవద్దు.

గోదారి_గొంతు
ఆ చివరి వాక్యం నాన్నగారికి చదివి వినిపించాను, చాలా సంతోషించారు. ఆయనకు ఇంకో ఇబ్బంది ఉంది. హెడ్‌ఫోన్‌లో తన గొంతు కాస్త ఆలస్యంగా వినిపించి రాగం తప్పుతోందంటున్నారు.

శబ్దపేటిక
గొంతు కంప్యూటర్‌లోకి వెళ్లి తిరిగి వచ్చే ఆలస్యం అది. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ మీట వేయండి. అప్పుడు గొంతు కంప్యూటర్‌తో సంబంధం లేకుండా నేరుగా హెడ్‌ఫోన్‌కు వస్తుంది. ఆడాసిటీలో వినిపించే సదుపాయం ఆపేయండి, లేకపోతే గొంతు రెండుసార్లు వస్తుంది. ఆ మీట లేని పెట్టెల్లో బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కో విడతకు పోగుచేసుకునే శబ్దపు ముక్క, తగ్గించాలి. 48,000 రేటు దగ్గర 256 శాంపుళ్ల బఫర్ అంటే ఒక వైపుకే 5 మిల్లీసెకన్లకు పైన.

కెమెరా_శీను
ఇదే కోవలో నా ప్రశ్న. ఎక్స్‌ఎల్‌ఆర్ మైకును సన్న ప్లగ్గు వైరుతో కెమెరాకు పెట్టి తీసిన పాఠాలు కంప్యూటర్‌లో హెడ్‌ఫోన్‌తో బాగున్నాయి, ఒకే స్పీకరున్న ఫోన్‌లో మాత్రం మాట దాదాపు మాయమవుతోంది. ఫోన్ లోపమా?

టంకం_చేయి
ఫోన్ లోపం కాదు. ఆ వైరులో రెండో పిన్నును ఎడమకు, మూడో పిన్నును కుడికి కలిపి ఉంటారు. మూడోది తలకిందుల సంకేతమని పైన చెప్పాను. కెమెరా ఆ రెంటినీ స్టీరియోగా రికార్డు చేసింది. ఫోన్ వాటిని కలిపి మోనో చేసేసరికి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. తీసిన పాఠాలు పాడుకాలేదు. ఆడాసిటీలో స్టీరియో ట్రాకును విడదీసి కుడి దాన్ని తీసేసి, ఎడమను మోనోగా ఉంచండి, మాట పూర్తిగా తిరిగి వస్తుంది. ఇకముందు వైరులో రెండో పిన్ను ఒక్కటే ఎడమకూ కుడికీ వెళ్లేలా, మూడో పిన్ను భూమికి కలిసేలా టంకం వేయించండి. ఆ వైరుతో ఫాంటమ్ పవర్ మాత్రం వాడకూడదు.

కెమెరా_శీను
కుడి భాగం తీసేశాను, ఫోన్‌లో మాట నిండుగా వచ్చింది. పాత పాఠాలన్నీ ఇలాగే సరిచేస్తున్నాను.

గోదారి_గొంతు
ఒక్క సందేహం మిగిలింది. నెమ్మదైన వేళ చూసుకుని రోజూ కొన్ని పద్యాలు రికార్డు చేస్తున్నాం. వీటిని ఎంపీ3 గా దాచాలా, పెద్ద ఫైలుగానే ఉంచాలా?

డాలస్_కథలు
మూలప్రతి వేవ్ ఫైలుగా ఉంచండి. 44,100 రేటు, 24 బిట్లు, మోనో అయితే గంటకు 480 మెగాబైట్ల లోపే పడుతుంది. అది ఒక హార్డ్‌డిస్కులో, ఇంకో ప్రతి వేరే ఇంట్లో ఉంచండి. బంధువులకు పంపేందుకు 128 కేబీపీఎస్ ఎంపీ3 సరిపోతుంది, గంటకు 60 మెగాబైట్లు కూడా దాటదు. చప్పుడు తగ్గించే ఎఫెక్టులు వేయాలనుకుంటే మూలప్రతి మీద వేయకండి, నకలు మీద వేయండి. 12 డెసిబెళ్లకు మించి తగ్గిస్తే గొంతులోని నాదం కూడా పోతుంది.

శబ్దపేటిక
ప్రతి ఫైలు మొదట్లో ఎవరూ కదలకుండా కొన్ని క్షణాల మౌనం కూడా రికార్డు చేయించండి. తరువాత ఎప్పుడు చప్పుడు తగ్గించాలన్నా ఆ గది నమూనా అక్కడే దొరుకుతుంది. ఫైలు పేరులో పద్యం మొదటి పదం, తేదీ రెండూ ఉంచండి.